షికాగో కొట్లలో స్లావ్ జనాల జాడ పట్టుకోవడం ఎలా?

షికాగోకి చుట్టాలొస్తే మనం చూపించేవి అందరికీ తెలిసినవే. బీన్ అనే పెద్ద శిల్పం, నేవీ పియర్, అరోరాలో బాలాజీ గుడి, చివరికి డెవాన్ అవెన్యూలో భోజనం. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. ఈ ఊళ్లో ఇంకో రకం తిరుగుడు ఉంది. చేతిసంచీ పట్టుకుని కొట్టుకొట్టుకీ ఎక్కి దిగుతూ, ఇక్కడ ఎవరు కాపురం పెట్టారు, ఎవరు ఇంకా ఉన్నారు, ఎవరు ఎప్పుడో సర్దుకుని వెళ్లిపోయారు అని తెలుసుకోవడం. పోలిష్, చెక్, ఉక్రేనియన్, సెర్బ్, బల్గేరియన్, మాసిడోనియన్ అని తూర్పు ఐరోపా నుంచి వచ్చిన స్లావ్ జనాలు ఇక్కడ చాలా రకాలున్నారు. వాళ్ల చర్చిల గురించి టూరిస్టు పుస్తకాల్లో దొరుకుతుంది. కొట్లని చదవడం మాత్రం మనమే నేర్చుకోవాలి.

చిన్నప్పుడు విశాలాంధ్ర వాళ్ల దగ్గర కొన్న రాదుగ, ప్రగతి అనే సోవియట్ ప్రచురణల పుస్తకాలు చదివినవాళ్లకి టీ కాచే సమొవారూ, నల్లరొట్టే కొత్త కాదు. మిగతావాళ్లకీ ఇబ్బందేమీ లేదు, కళ్లూ ముక్కూ పనిచేస్తే చాలు.

బయల్దేరే ముందు ఒక్క మాట మనసులోంచి తీసేయండి. వార్సా తర్వాత పోలిష్ జనం ఎక్కువగా ఉన్నది షికాగోలోనే అని ప్రతి గైడూ చెప్తాడు. వినడానికి బాగుంటుంది గానీ, దాన్ని జనాభా లెక్క అనుకోవద్దు. క్రాకోవ్, వూచ్ లాంటి ఊళ్లు పోలండ్‌లో ఉండనే ఉన్నాయి కదా.

ముందు రోడ్డుని ఎంచుకోండి, కొట్టుని కాదు

షికాగో వీధులు గళ్ల నోటుబుక్కులా ఉంటాయి. మిల్వాకీ అవెన్యూ మాత్రం ఆ గళ్లని కోసుకుంటూ ఏటవాలుగా వాయవ్యానికి పోతుంది. డౌన్‌టౌన్ దగ్గర్లో దిగిన కుటుంబాలు, చేతిలో నాలుగు డబ్బులు ఆడేకొద్దీ, ఇదే రోడ్డు పట్టుకుని బయటికి జరుగుతూ పోయాయి. అందుకని ఈ రోడ్డు మీద మైళ్లు దాటుతుంటే దశాబ్దాలు దాటుతున్నట్టే. 56 నంబరు బస్సు దీని మీదే నడుస్తుంది. ఎక్కడ కావాలంటే అక్కడ దిగి, మళ్లీ వెనకాల బస్సు పట్టుకోవచ్చు. కారు వద్దు. పార్కింగ్ వెతుక్కునే టెన్షన్‌లో బోర్డులు చదవలేం.

బ్లూ లైన్ రైల్లో డివిజన్ స్టేషన్ దగ్గర మొదలుపెట్టండి. మెట్లెక్కి పైకొస్తే మూడు రోడ్లు కలిసే చోటు, పోలోనియా ట్రయాంగిల్. ఒకప్పుడు పోలిష్ షికాగోకి ఇదే నడిబొడ్డు. 1867లో మొదలైన సెయింట్ స్టానిస్లావ్ కోస్ట్కా చర్చి ఇక్కడికి నాలుగడుగులు. 1873లో పుట్టిన పోలిష్ రోమన్ కేథలిక్ యూనియన్ భవనం ఇదే రోడ్డు మీద కాస్త కిందికి వెళ్తే వస్తుంది. పోలిష్ మ్యూజియం అందులోనే ఉంది. కొట్ల సంగతంటారా, ఇక్కడ పెద్దగా ఏమీ మిగల్లేదు. కాఫీ షాపులు, యోగా స్టూడియోలు, అద్దెలు పెరిగిన ప్రతి చోటా ఉండేవే. ముందుగా ఇక్కడికి ఎందుకు రమ్మన్నానంటే, ఖాళీ అయిపోయిన చోటు ఎలా ఉంటుందో ఒకసారి చూసి ఉంటే, నిండుగా ఉన్న చోటు ఇట్టే తెలిసిపోతుంది.

బస్సెక్కి ఆవన్‌డేల్ దగ్గర దిగండి. సెయింట్ హయసింత్ చర్చి చుట్టుపక్కల పేట ఇది. హయసింత్‌ని పోలిష్‌లో యాట్సెక్ అంటారు, అందుకే పేటకి యాట్స్‌కోవో అని పేరు. ఇంగ్లిష్ అలవాటుతో చదివితే జాకోవో అనేస్తాం. ఇక్కడినుంచే అసలు పని మొదలు.

అక్షరాలని గుర్తుపట్టండి, భాష రానక్కర్లేదు

కన్నడం రాని తెలుగువాడు కూడా బళ్లారి బస్టాండులో బోర్డు చూసి, తలకట్టు తీరు తేడాగా ఉందే, ఇది మనది కాదు అనేస్తాడు. ఇక్కడా అంతే నైపుణ్యం చాలు.

ఇంగ్లిష్ అక్షరాలే అయినా, ఎల్‌కి నడుమ్మీద అడ్డగీత ఉన్నా, ఏ కిందో ఈ కిందో చిన్న తోక వేలాడుతున్నా, స్లావ్ భాషల్లో అది పోలిష్. అక్షరాల నెత్తిన చిన్న టిక్కు గుర్తు ఉంటే చెక్ కావచ్చు, స్లోవాక్ కావచ్చు, క్రొయేషియన్ కూడా కావచ్చు. ఆర్ మీద కూడా ఆ టిక్కు కనిపించిందా, ఇక సందేహం లేదు, చెక్కే.

తిరగేసిన ఆర్, తిరగేసిన ఎన్ కనిపిస్తే సిరిలిక్ లిపి. అందరూ చేసే తప్పు ఇక్కడే. సిరిలిక్ కనిపించగానే రష్యన్ అనేస్తారు. చిన్న ఐ మీద ఒక చుక్క బదులు రెండు చుక్కలు పక్కపక్కన ఉంటే అది ఉక్రేనియన్, రష్యన్‌లో ఆ అక్షరం లేదు. చిన్న బి పక్కన నిలువు కర్ర నిలబెట్టినట్టుండే అక్షరం రష్యన్‌లో ఉంటుంది, ఉక్రేనియన్‌లో ఉండదు. ఉక్రేనియన్ కొట్లోకి వెళ్లి మీరు రష్యన్లా అని అడిగితే, రష్యా దాడి మొదలైన 2022 తర్వాత వచ్చే చూపు ఎలా ఉంటుందో ఊహించుకోండి. రెండు చుక్కలు వెతికి, ఆ తర్వాతే నోరు విప్పండి.

పోలిష్ బోర్డుల మీద పలుకుబడికి ఐదు సూత్రాలు పెట్టుకోండి. డబ్ల్యూ అంటే వ. జె అంటే య. సి, జెడ్ కలిస్తే చ. ఎస్, జెడ్ కలిస్తే ష. గీత కొట్టిన ఎల్ మాత్రం పెదాలు గుండ్రంగా చుట్టి పలికే వ. రొట్టెల కొట్టు పోలిష్‌లో పియెకార్న్యా, ఉక్రేనియన్‌లో పెకార్న్యా, చెక్‌లో పెకార్నా. మందుల కొట్టు పోలిష్ వాళ్లకీ, ఉక్రేనియన్లకీ, రష్యన్లకీ ఆప్తేకానే.

తోక ఉంటే ఎంత, లేకపోతే ఎంత అనకండి, నేను బోల్తా కొట్టింది అక్కడే. ఒక చిన్న కొట్టు కిటికీ మీద ఇంగ్లిష్ అక్షరాల్లో పాచ్కి అనే మాట చూసి, లోపలికి వెళ్లి జామ్ పెట్టినవి రెండివ్వండి అన్నాను. కౌంటర్‌లో ఉన్న పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, మాట్లాడకుండా పక్కనున్న పెద్ద కాటాని చూపించింది. వెనకాల అట్టపెట్టెల గుట్ట. ఏకి తోక ఉంటే అది పొంచ్కి, నూనెలో వేయించి లోపల జామ్ పెట్టే గుండ్రటి తీపి బొండా. తోక లేకపోతే పాచ్కి, అంటే పార్సెళ్లు! అది పోలండ్‌కి పెట్టెలు పంపే కొట్టు. సిగ్గేసింది గానీ, గుంటూరు నుంచి పచ్చళ్లు కొరియర్‌లో తెప్పించుకునే జాతివాణ్ణి, ఆ కొట్టు ఎందుకుందో అర్థం కావడానికి క్షణం పట్టలేదు.

క్యాబేజీ చుట్టల పరీక్ష

బోర్డు ఇంగ్లిష్‌లోనే ఉండి ఏమీ తేలకపోతే, లోపలికి వెళ్లి వండిన పదార్థాల అద్దాల బీరువాలో క్యాబేజీ ఆకులో మాంసం, బియ్యం పెట్టి చుట్టిన వంటకాన్ని వెతకండి. దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. ముందున్న చీటీ మీద దాని పేరు చదవండి.

గొవొంప్కి అని ఉంటే పోలిష్. గొలుబ్‌త్సీ అని ఉంటే రష్యన్. హొలుబ్‌త్సి అని ఉంటే ఉక్రేనియన్. మూడింటికీ అర్థం ఒకటే, చిన్న పావురాలు అని. తేడా అంతా మొదటి అక్షరంలో ఉంది. పోలిష్, రష్యన్ భాషల్లో గ పలికే చోట ఉక్రేనియన్, చెక్ భాషలు హ పలుకుతాయి. మన పాలు కన్నడంలోకి వెళ్లి హాలు అయినట్టే, మన పులి అక్కడ హులి అయినట్టే. ఈ ఒక్క సూత్రం తెలిస్తే ఊరి పేర్లూ, ఇంటిపేర్లూ సగం అర్థమవుతాయి.

పావురాలు లేకుండా సర్మా అని ఉంటే మీరు బాల్కన్ల వైపు వచ్చేశారు. అది టర్కిష్ మాట, చుట్ట అని అర్థం. సెర్బులూ, బోస్నియన్లూ, బల్గేరియన్లూ ఆ పేరే వాడతారు. పక్కనే ఎర్ర క్యాప్సికమ్‌లు కాల్చి నూరిన అయ్వార్ సీసాలు ఉంటే ఇక అడగక్కర్లేదు. మన రోటిపచ్చడి తిన్న నాలుక్కి అయ్వార్ చప్పగా ఉంటుంది గానీ దోసెలోకి బాగానే కలుస్తుంది.

ఈ పరీక్షలో సాక్ష్యంగా పనికిరాని వస్తువు వెగెతా. నీలం ప్యాకెట్టు, ఉప్పూ ఎండబెట్టిన కూరగాయల ముక్కలూ కలిపిన మసాలా. దీన్ని 1959లో, అప్పట్లో యుగోస్లావియాలో భాగమైన క్రొయేషియాలోని పొద్రావ్‌కా కంపెనీలో జ్లాతా బార్ట్ల్ అనే శాస్త్రవేత్త తయారుచేసింది. పేరుకి క్రొయేషియాదే గానీ పోలిష్ కొట్లోనూ ఉంటుంది, రష్యన్ కొట్లోనూ ఉంటుంది. దాన్ని చూసి ఏదీ తేల్చకండి.

కొట్టు బతికుందా, బొమ్మగా మిగిలిందా?

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. బోర్డు మీద పేరు ఎన్నాళ్లైనా ఉంటుంది. ఆ పేరుగల జనం ఇంకా అక్కడ కొంటున్నారా లేదా అన్నది చూడాలి. దానికి బోర్డు కాదు, తలుపు దగ్గరి నేల చూడండి. అక్కడ పేపర్ల కట్టలుంటాయి. షికాగోలో 1908 నుంచి వస్తున్న పోలిష్ దినపత్రిక జెన్నిక్ జ్విఒంజ్‌కోవి కనిపిస్తే తారీఖు చూడండి. ఈ వారం సంచిక సగం అయిపోయి ఉంటే కొట్టు బతికున్నట్టు.

తర్వాత నోటీసు బోర్డు. గది అద్దెకి, ముసలావిణ్ణి చూసుకోవడానికి మనిషి కావాలి, ట్యాక్సులు ఫైల్ చేస్తాం, ఇల్లు రిపేరు చేస్తాం. కింద ఫోన్ నంబరు రాసి, చింపుకోవడానికి వీలుగా కత్తిరించిన కాగితపు నాలికలు. ఎన్ని నాలికలు చినిగాయో లెక్కపెట్టండి. ఒక్కటీ చినగకుండా కాగితం పసుపెక్కిపోయిందా, ఆ కొట్టు బయటివాళ్ల కోసం నడుస్తోంది. (నోటీసు ఫొటోలు తీయకండి, అవి మనుషుల నంబర్లు.)

చెవి కూడా పెట్టండి. మాంసం కౌంటర్ దగ్గర చీటీ తీసుకుని వరసలో నిలబడితే, ముందున్నవాళ్లు ఏ భాషలో అడుగుతున్నారో వినిపిస్తుంది. మిల్వాకీ మీద కురోవ్‌స్కి సాసేజ్ షాపులో శనివారం ఉదయం వరసలో నిలబడటమే ఒక పాఠం. మీ వంతు వచ్చినప్పుడు జెన్ దోబ్రి అనండి, నమస్కారం అన్నట్టు. ఇచ్చాక జెంకూయె అనండి. ఉచ్చారణ తప్పినా ఫరవాలేదు, మొహం మారుతుంది.

అన్నీ పోయాక కూడా మిగిలేవి రెండుంటాయి. ఒకటి అంత్యక్రియలు చేసే ఫ్యూనరల్ హోమ్, రెండోది పరపతి సంఘం. పిల్లలు సబర్బ్‌లకి పోయినా, అమ్మానాన్నలని సాగనంపడానికి పాత పేటకే వస్తారు. డబ్బు సంగతీ అంతే. షికాగో అవెన్యూ మీద ఉక్రేనియన్ విలేజ్‌లో సెల్ఫ్‌రిలయన్స్ అనే క్రెడిట్ యూనియన్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నిర్వాసితులుగా వచ్చినవాళ్లు 1951లో పెట్టుకున్నారు, ఇప్పటికీ అక్కడే నడుస్తోంది.

ఉక్రేనియన్ విలేజ్‌కి 66 నంబరు బస్సులో వెళ్లొచ్చు. ఇక్కడొక తికమక కూడా కాచుకుని ఉంటుంది. 1982లో పెట్టిన కాషాస్ డెలి ఈ పేటలోనిదే, కానీ అది పోలిష్. పేట పేరు చూసి కొట్టుకి జాతి అంటగట్టకూడదని ఈ ఒక్క మూలమలుపు నేర్పుతుంది. వాళ్ల పియెరోగీ, అంటే లోపల కూరిపెట్టి ఉడికించే పిండి వంటకం, ఇప్పుడు సూపర్‌మార్కెట్ ఫ్రీజర్లలోనూ దొరుకుతాయి.

ఎప్పుడు వెళ్లాలి?

మామూలు రోజుల్లో వెళ్తే సగమే కనిపిస్తుంది. ఏడాదికి ఒక్క వారమే అమ్మే వస్తువులుంటాయి, వాటి కోసం వెళ్లండి. మన దగ్గర ఉగాదికి ముందు వేపపూత అమ్మే కొట్టు ఎవరిదో చెప్పాలా?

ఈస్టర్‌కి నలభై రోజుల ఉపవాస కాలం మొదలయ్యే ముందు గురువారం పోలిష్ వాళ్లకి కొవ్వు గురువారం. ఇంట్లో వెన్నా చక్కెరా గుడ్లూ అయిపోవాలి కదా, ఆ రోజు పొంచ్కి తినాల్సిందే. అమెరికన్లు అదే పండగని తర్వాతి మంగళవారం చేస్తారు. షికాగో బేకరీలు రెండు రోజులూ అమ్ముకుంటాయి. గురువారం నాడు వరస పెద్దదిగా ఉన్న బేకరీలో కొనేవాళ్లు అసలు పోలిష్ వాళ్లని నా అనుమానం.

ఈస్టర్ వారంలో వెన్నతో చేసిన చిన్న గొర్రెపిల్లలు ఫ్రిజ్‌లో కూర్చుని ఉంటాయి. అక్టోబర్ ఆఖర్లో పోలిష్ కొట్లలో మూతలున్న గాజు దీపాలు గుట్టలుగా పెడతారు. హాలోవీన్ కోసం అనుకునేరు. కాదు, నవంబర్ 1న సమాధుల మీద వెలిగించడానికి. డిసెంబర్‌లో కౌంటర్ పక్కన కవర్లలో పల్చటి తెల్ల అప్పడాల్లాంటివి అమ్ముతారు. ఒపొవాతెక్ అంటారు. క్రిస్మస్ ముందురోజు రాత్రి భోజనానికి కూర్చునే ముందు ఒకరి చేతిలోది ఒకరు తుంచుకుని తింటారు.

ఉక్రేనియన్ల క్రిస్మస్ సామాను జనవరి 7 దాకా అమ్మడం చూసి నేను మొదట్లో, మిగిలిపోయిన సరుకు వదిలించుకుంటున్నారనుకున్నాను. వాళ్లలో చాలామంది పాత జూలియన్ కేలండర్ పాటించేవాళ్లు, దాని లెక్కన క్రిస్మస్ వచ్చేది జనవరి 7నే. ఈ కేలండర్ గొడవలోనే పేట రెండుగా చీలింది. సెయింట్ నికొలస్ కెథెడ్రల్ కొత్త కేలండర్ వైపు వెళ్తే, పాతదే కావాలన్నవాళ్లు కాస్త దూరంలో వొలొదిమిర్, ఓల్హాల పేరుతో ఇంకో చర్చి కట్టుకున్నారు. 2023లో ఉక్రెయిన్ ప్రభుత్వమే సెలవుని డిసెంబర్ 25కి మార్చింది కాబట్టి ఈ గుర్తు ఎన్నాళ్లుంటుందో చూడాలి.

ఏం కొనాలి, ఏం ముట్టుకోకూడదు

ఊరికే చూసి వచ్చేయకండి. కొట్టుకి వెళ్లి ఏమీ కొనకుండా బోర్డులు చదువుకుంటూ తిరిగితే ఎవరికైనా చిరాకే.

గసగసాలు వేసిన చుట్ట కేకు, మకొవియెత్స్, తప్పకుండా కొనండి. మనం చిటికెడు చిటికెడుగా వాడే గసగసాలని వాళ్లు అరంగుళం మందాన పరుస్తారు. దోసకాయల ఊరగాయలో రెండు రకాలున్నాయి. కిషోనె అని ఉంటే ఉప్పునీళ్లలో పులియబెట్టినవి, ఇంకొకటి వెనిగర్‌లో వేసినవి. మొదటివే కొనండి. జూరెక్ అనే సూప్ కోసం రై పిండిని నీళ్లలో కలిపి పులియబెట్టిన సీసాలు అమ్ముతారు. మూత తీస్తే మా అమ్మమ్మ ఇంట్లో తరవాణి కుండ వాసన గుర్తొచ్చింది. సూప్‌లో మాత్రం సాసేజ్ వేస్తారు, శాకాహారులు సీసా కొనుక్కుని ఇంట్లో బంగాళాదుంపలతో చేసుకోవచ్చు.

పియెరోగీ చూడటానికి ఉడికించిన కజ్జికాయల్లా ఉంటాయి. క్యాబేజీ, పుట్టగొడుగులు పెట్టినవి మాంసం లేనివి. బంగాళాదుంప, తెల్ల జున్ను పెట్టినవాటిని రుస్కియె అంటారు. రష్యాకి సంబంధం లేదు, ఇప్పటి పశ్చిమ ఉక్రెయిన్ వైపున్న పాత రుథేనియా ప్రాంతం పేరది. అయినా 2022లో పోలండ్‌లో కొన్ని హోటళ్లు మెనూలో ఉక్రేనియన్ పియెరోగీ అని పేరు మార్చేశాయి. లోపల ఏముందో అడిగి ఊరుకోకండి, పైన ఏం చల్లుతారో కూడా అడగండి. వేయించిన పందిమాంసం ముక్కలు పైన వేసి ఇవ్వడం మామూలే. తెల్లగా నెయ్యిలా పేరుకుని డబ్బాల్లో ఉండేది స్మాలెత్స్, పంది కొవ్వు. పొంచ్కి కూడా కొందరు అందులోనే వేయిస్తారు, పట్టింపు ఉంటే అడగండి.

జనం పూర్తిగా వెళ్లిపోయిన చోట తలెత్తి చూడండి

పింక్ లైన్‌లో 18వ వీధి స్టేషన్‌లో దిగితే పిల్సెన్. స్టేషన్ నుంచే మెక్సికన్ బొమ్మలు, టాకోల వాసన. 1950, 60లలో చెక్ జనం పడమటికి జరిగిపోయారు, మెక్సికన్లు వచ్చారు. పేట పేరు మాత్రం చెక్ దేశంలోని బీరు ఊరు ప్లజెన్‌దే. ఆ ఊరివాడెవరో ప్లజెన్ నగరం అని పేరు పెట్టుకున్న చిన్న హోటల్ మీదుగానే పేటంతటికీ ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటారు. కొట్టు జాడ పేటలో వెతుకుతున్నాం కదా, ఇక్కడ పేటే కొట్టు జాడ.

కళ్ల ఎత్తులో చెక్ ఏమీ దొరకదు. ఎదుటి ఫుట్‌పాత్ మీదికి వెళ్లి, రెండో అంతస్తు పైన ఇటుక గోడ అంచు చూడండి. కొన్ని భవనాలకి అక్కడ కట్టించినవాడి పేరో, కట్టిన సంవత్సరమో చెక్కి ఉంటుంది. 18వ వీధిలో థాలియా హాల్‌ని 1892లో జాన్ దుసెక్ కట్టించాడు. ఇప్పుడు అందులో ఉన్న రెస్టారెంటుకి అతని పేరే పెట్టారు.

వెళ్లిన జనం సెర్మాక్ రోడ్డు పట్టుకుని సిసెరో, బెర్విన్ దాకా పోయారు. ఆ పేరు ఆంటన్ సెర్మాక్‌ది. కిందిస్థాయి నుంచి వచ్చిన చెక్ మనిషి, 1931లో మేయరయ్యాడు. 1933 ఫిబ్రవరిలో మయామీలో, అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికైన రూజ్‌వెల్ట్ పక్కన ఉండగా తూటా తగిలి మార్చిలో చనిపోయాడు. ఇప్పుడు సెర్మాక్ పేరుతో ఒక సూపర్‌మార్కెట్ల చెయిన్ ఉంది. అక్కడ కొత్తిమీర కట్టలు చవక, మన వాళ్లు చాలామంది వెళ్తారు. పేరు ఎక్కడిదని అడిగితే ఎవరూ చెప్పరు.

పేర్ల కోసం కొట్లవాళ్లు కోర్టుకెక్కిన కథ కూడా ఉంది. క్రాఫర్డ్ అవెన్యూకి 1933లో పులాస్కి రోడ్ అని పేరు మార్చారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో చనిపోయిన పోలిష్ సేనాని పేరది. బోర్డులు, లెటర్‌హెడ్లు మార్చుకోవాలని వ్యాపారులు ఎదురు తిరిగారు. 1952లో ఇల్లినాయ్ సుప్రీం కోర్టు తేల్చేదాకా అది నలిగింది. ఉత్తరాన సిటీ దాటి స్కోకీలోకి వెళ్తే అదే రోడ్డు ఇప్పటికీ క్రాఫర్డ్. బోర్డు మారే చోటు చూడొచ్చు.

తిరుగు ప్రయాణానికి ఒక చిట్కా. ఫ్రోజెన్ పియెరోగీ అన్నిటికన్నా చివర కొనండి, చల్లదనం నిలిచే సంచీ తీసుకెళ్లండి. వేసవిలో బస్సూ, రైలూ మారి శివారులోని నేపర్‌విల్ చేరేసరికి నావన్నీ కరిగి ఒకే ముద్దయ్యాయి. విడదీయబోతే చిరిగాయి. ఆ ముద్దనే పెనం మీద నెయ్యి వేసి ఎర్రగా కాల్చి, పక్కన కొరివికారం పెట్టుకుని తినేశాం.